కుక్కకు విరేచనాలు: మన మందుల డబ్బా తెరిచే ముందు

అర్ధరాత్రి రెండింటికి కుక్క తలుపు గీకుతుంది. బయటికి తీసుకెళ్తే నీళ్లలా పోతుంది. లోపలికి వచ్చిన అరగంటకే మళ్లీ తలుపు దగ్గర నిలబడుతుంది. మూడోసారి అంతదాకా ఆగలేక గదిలోనే కానిచ్చేసి, తప్పు చేసినట్టు చెవులు వాల్చి ఓ మూల నక్కుతుంది. ఆ వేళకు డాక్టరు దొరకరు. మందుల డబ్బా మాత్రం చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. ఇంట్లో ఎవరికి మోషన్స్ అయినా వేసుకునే మాత్రల స్ట్రిప్పు అందులో ఉంటుంది. మనకు పనిచేసేది దానికి పనిచేయదా అనే ఆలోచన రావడం సహజం. అది పాపం చూడలేక వచ్చే ఆలోచనే.

ఆ మాత్రల్లో కొన్ని కుక్కలకు నిజంగానే పనిచేస్తాయి. పశువైద్యులు కూడా వాటిని రాస్తారు. కానీ అదే మాత్ర ఇంకో కుక్కను స్పృహ తప్పేలా చేయగలదు. మరో కుక్కలో అసలు జబ్బును రెండు రోజులు కప్పిపెట్టి, వైద్యం అందాల్సిన సమయాన్ని మింగేయగలదు. అందుకే ఏ మాత్ర, ఎంత అనే ప్రశ్నకు ముందు, ఈ విరేచనం దేనివల్ల, ఈ కుక్క ఇప్పుడు ఎలా ఉంది అనే రెండు ప్రశ్నలు దాటాలి. చాలా ఇళ్లలో ఆ రెండూ దాటకుండానే స్ట్రిప్పు చిరుగుతుంది.

ముందుగా ఊరటనిచ్చే మాట ఒకటి చెప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు హఠాత్తుగా పట్టుకునే విరేచనాల్లో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. చెత్తబుట్టలో ఏదో తినడం, తిండి ఒక్కసారిగా మార్చడం, కొవ్వు ఎక్కువగా ఉన్నది పెట్టడం, కొత్త చోటుకు తీసుకెళ్లినప్పుడు వచ్చే టెన్షన్, ఇవే మామూలు కారణాలు. పేగు లోపలి పొర చాలా వేగంగా కొత్త కణాలను పుట్టించుకుంటుంది. కాస్త విశ్రాంతి, నీళ్లు, తేలికైన తిండి దొరికితే తనను తానే బాగు చేసుకుంటుంది.

ఈ మంచి విషయంలోనే ఒక చిక్కు ఉంది. ఎలాగూ మూడో రోజుకు తగ్గాల్సిన విరేచనానికి రెండో రోజు ఏ మాత్ర వేసినా, ఆ మాత్ర వల్లే తగ్గిందనిపిస్తుంది. ఒకసారి అలా తగ్గితే ఆ మాత్ర మీద గురి కుదురుతుంది. తర్వాత తెలిసినవాళ్లకు కూడా అదే చెబుతాం. కుక్కలకు ఫలానా మాత్ర భేషుగ్గా పనిచేస్తుందనే మాటల్లో చాలావాటికి పుట్టుక ఇదే. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లు చూసింది నిజమే. ఆ మాత్ర వేయకపోతే ఏమయ్యేదో మాత్రం వాళ్లకు చూసే వీలు లేదు.

చేయి పెట్టి చూడాల్సినవి

డబ్బా తెరిచే ముందు కుక్క పై పెదవి మెల్లగా ఎత్తి చిగురు మీద వేలు పెట్టాలి. ఆరోగ్యంగా ఉంటే చిగురు తడిగా, జారుడుగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు తిరుగుతుంది. వేలికి అతుక్కుంటున్నట్టు జిగటగా ఉన్నా, పాలిపోయి ఉన్నా, రంగు రావడానికి రెండు సెకన్ల కంటే ఎక్కువ పట్టినా ఒంట్లో నీరు తగ్గిందని, లేదా రక్తప్రసరణ దెబ్బతింటోందని అర్థం. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్పను కొద్దిగా లాగి లోపలి రంగు చూడొచ్చు.

భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలి చూడటం ఇంకో పద్ధతి. వెంటనే చదునుగా సర్దుకోవాలి. గుడారంలా నిలబడి మెల్లగా దిగితే నీరు తగ్గినట్టే. అయితే ముసలి కుక్కల చర్మం నీరు ఉన్నా మెల్లగానే దిగుతుంది, లావుగా ఉన్నవాటిలో నీరు తగ్గినా తెలియకపోవచ్చు. పైగా ఒంటి బరువులో సుమారు 5 శాతం నీరు పోయేదాకా ఈ గుర్తులేవీ సరిగా కనపడవు. 10 కిలోల కుక్కలో 5 శాతం అంటే అర లీటరు. అంటే చర్మం చెప్పే సమయానికే అర లీటరు పోయి ఉంటుంది. అందుకని చర్మం బాగానే ఉంది కాబట్టి పర్వాలేదని ధీమా పడకూడదు. ఎన్నిసార్లు వెళ్లింది, ఎంత వెళ్లింది, తాగింది ఎంత అనే లెక్క కూడా వేసుకోవాలి.

తర్వాత మలాన్ని చూడాలి. వెగటు పుట్టించే పనే, కానీ డాక్టరు మొదట అడిగేది దాని గురించే. మాటిమాటికీ వెళ్తూ, ప్రతిసారీ కొంచెమే వస్తూ, చివర్లో జెల్లీ లాంటి జిగురు, ఒకటి రెండు ఎర్రటి చుక్కలు కనిపిస్తుంటే తేడా పెద్దపేగులో ఉంది. తక్కువసార్లు వెళ్లినా ప్రతిసారీ మడుగు కట్టేంత నీరు పోతుంటే తేడా చిన్నపేగులో ఉంది, నీరు తగ్గిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ. తారులా నల్లగా, జిగటగా వస్తే కడుపులోనో చిన్నపేగులోనో రక్తం కారి, అరిగి, నల్లబడి వస్తోందని అనుమానించాలి. ఎర్రటి జామ్ లాంటి రక్తమే ఎక్కువగా పోతుంటే గంటల్లోనే ఒంట్లో నీరంతా తోడేసే రక్తవిరేచనాల జబ్బు కావచ్చు. చిన్న జాతుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సాయంత్రం ఆడుకున్న కుక్క తెల్లారేసరికి లేవలేని స్థితికి వస్తుంది. దానికి ఇంట్లో చేయగల వైద్యం లేదు, సెలైన్ ఒక్కటే దారి.

విరేచనంతో పాటు వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, తాకితే నొప్పితో ముడుచుకున్నా, పిలిస్తే లేవకపోయినా, ఎలుకల మందో పురుగుమందో తిన్నదనే అనుమానం ఉన్నా ఏ మాత్రా వేయకూడదు. ఆరు నెలల్లోపు పిల్లలకు, చూడి కుక్కలకు, పాలిచ్చే తల్లులకు, కిడ్నీ, లివర్, షుగర్ లాంటి జబ్బులున్న ముసలివాటికి కూడా ఇదే వర్తిస్తుంది. గుర్తులన్నీ మామూలుగా ఉండి, కుక్క హుషారుగా ఉండి, నీళ్లు తాగుతూ, నీళ్లలా నాలుగైదు సార్లు వెళ్తుంటేనే మందుల డబ్బా మాట ఎత్తొచ్చు.

లోపెరమైడ్: అందరి డబ్బాలో ఉండేది

ఇమోడియం లాంటి పేర్లతో దొరికే లోపెరమైడ్ నల్లమందు జాతికి చెందినది. పేగు గోడలో ఉండే నాడుల మీద పనిచేసి కదలికను మందగింపజేస్తుంది. లోపలున్నది మెల్లగా కదిలితే పేగుకు నీరు పీల్చుకునే సమయం దొరుకుతుంది, విరేచనం గట్టిపడుతుంది. నల్లమందు జాతిదైనా మత్తు ఎక్కదు. ఎందుకంటే మెదడుకు కాపలాగా రక్తనాళాల గోడల్లో ఒక పంపు లాంటి ప్రొటీన్ ఉంటుంది. మెదడులోకి చొరబడబోయే లోపెరమైడ్‌ను అది ఎప్పటికప్పుడు వెనక్కి తోడేస్తుంది. ఈ మందు భద్రత మొత్తం ఆ పంపు మీదే ఆధారపడి ఉంది.

కొన్ని కుక్కల్లో ఆ పంపు పుట్టుకతోనే పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు కోలీ జాతి కుక్కలకు ప్రాణాంతకమవుతోందని 1980ల్లోనే గమనించారు. కారణం 2001లో తేలింది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కాట్రినా మీలీ బృందం ఎండీఆర్1 అనే జన్యువులో నాలుగు అక్షరాల డీఎన్ఏ ముక్క ఊడిపోయి ఉండటాన్ని పట్టుకుంది. పంపును తయారుచేసే జన్యువు అదే. ఈ జన్యువు కాపీలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి; కోలీల్లో సుమారు 70 శాతం దాకా కనీసం ఒక కాపీలో ఈ లోపాన్ని మోస్తున్నాయి. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో దాదాపు సగం. షెట్‌ల్యాండ్ షీప్‌డాగ్, ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్, పొడవు జుట్టు విప్పెట్, తక్కువ శాతంలో జర్మన్ షెపర్డ్ కూడా ఈ జాబితాలో ఉన్నాయి. పేరులో కోలీ ఉన్నా బోర్డర్ కోలీల్లో ఇది అరుదు.

అలాంటి కుక్కకు లోపెరమైడ్ వేస్తే మందు నేరుగా మెదడులోకి వెళ్తుంది. చొంగ కారుతుంది, కాళ్లు తడబడతాయి, కుక్క ఎటో చూస్తూ పిలిచినా పలకదు. రెండు కాపీలూ లోపమైనవే అయితే మామూలు మోతాదుకే స్పృహ తప్పొచ్చు. కొన్ని గంటలు ఊపిరిని కనిపెట్టుకుని ఉండాల్సి వస్తుంది. ఆసుపత్రిలో నల్లమందు ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ ఇంజెక్షన్ ఇస్తారు.

పాదాలు తెల్లగా ఉంటే మందు వేయొద్దు అని పశువైద్య విద్యార్థులకు గుర్తుండేలా ఒక మాట చెబుతుంటారు. కోలీ తరహా మంద కుక్కలకు, అంటే గొర్రెల మందలు కాసే జాతులకు, పాదాలు తెల్లగా ఉంటాయి కాబట్టి వచ్చిన మాట అది. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది కానీ, దాన్నే పరీక్షగా తీసుకోకూడదు. ఈ జన్యువుకు పాదాల రంగుతో సంబంధం లేదు. ఎక్కడో తాతల కాలంలో కోలీ రక్తం కలిసిన సంకరజాతి కుక్క పాదాలు నల్లగా ఉండి కూడా లోపం మోయొచ్చు. బుగ్గ లోపలి నుంచి దూదితో తీసిన నమూనాతో జన్యు పరీక్ష చేయించొచ్చు. మంద కుక్కల జాతినో, వాటి సంకరాన్నో పెంచుకునేవాళ్లు ఏ జబ్బూ లేని రోజుల్లోనే ఆ పరీక్ష చేయించుకుంటే, పురుగుల మందు నుంచి ఆపరేషన్‌లో ఇచ్చే మత్తుమందు దాకా జీవితాంతం పనికొస్తుంది.

జన్యువు బాగానే ఉన్నా మోతాదు దగ్గర ఇంకో చిక్కు ఎదురవుతుంది. కుక్కలకు పశువైద్యులు సాధారణంగా కిలో బరువుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల లెక్కన రాస్తారు. మనుషుల మాత్ర ఒక్కోటి 2 మిల్లీగ్రాములు. 10 కిలోల కుక్కకు పడేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు, అంటే ఒక మాత్రే గరిష్ఠం. 5 కిలోల కుక్కకు సగం మాత్రే గరిష్ఠం. 3 కిలోల బుల్లి కుక్కకు ఒక మాత్ర మొత్తం వేస్తే మూడింతల మోతాదు దాటినట్టే. మాత్రను సగం, పావు చేయొచ్చు కానీ క్యాప్సూల్‌ను చేయలేం. తెరిచి పొడిని కళ్లతో నాలుగు భాగాలుగా పంచడం మోతాదు కాదు, ఊహ. కుక్క బరువు సరిగా తెలియకుండా అర్ధరాత్రి ఈ లెక్కలు వేస్తే దశాంశ బిందువు ఎక్కడో ఒకచోట జారుతుంది. ఈ అంకెలు ఇక్కడ ఇచ్చింది మాత్ర వేసుకోవడానికి కాదు. ఒక మాత్రే కదా అనుకునేది చిన్న కుక్కకు ఎంత పెద్దదో కనపడాలని.

ఇక అసలు అభ్యంతరం వేరే ఉంది. విరేచనం చాలాసార్లు పేగు తనను తాను కడుక్కునే ప్రయత్నం. విషమో, చెడ్డ బ్యాక్టీరియానో లోపల ఉన్నప్పుడు కదలిక ఆపేస్తే వాటిని లోపలే పెట్టి తలుపు మూసినట్టవుతుంది. గుడ్డముక్కో, బొమ్మ ముక్కో పేగులో అడ్డం పడినా మొదట్లో దాని పక్క నుంచి నీళ్ల విరేచనం రావొచ్చు. అది చూసి మాత్ర వేస్తే విరేచనం ఆగుతుంది, అడ్డం అలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుంటారు. అందుకే పశువైద్యులు దీన్ని రాసినా, కుక్కను చూసి, పొట్ట తడిమి, ఒకటి రెండు రోజులకే రాస్తారు. శిలీంధ్రాలకు వాడే కీటోకోనజోల్ లాంటి మందులు అప్పటికే నడుస్తుంటే ఆ కాపలా పంపు మందగిస్తుంది. అప్పుడు మామూలు కుక్కలో కూడా లోపెరమైడ్ హద్దు దాటొచ్చు. చర్మవ్యాధికి మందు వాడుతున్న కుక్కకు విరేచనాల మాత్ర వేసేటప్పుడు ఈ రెంటికీ లంకె ఉందని ఎవరికీ తట్టదు.

గులాబీ సీసా, సుద్ద మందులు

బిస్మత్ సబ్‌సాలిసిలేట్ చాలామందికి పెప్టో బిస్మాల్ అనే గులాబీ రంగు సీసాగా తెలుసు. పేరులో ఉన్న సాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానిది. కడుపు లోపలి పొరను అది రేపుతుంది. కీళ్లనొప్పులకు కార్ప్రోఫెన్, మెలాక్సికామ్ లాంటివి వాడుతున్న కుక్కకో, స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకో ఇది కూడా తోడైతే కడుపులో పుండ్లు పడి రక్తం కారే ప్రమాదం ఉంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఈ మందు మలాన్ని నల్లగా మారుస్తుంది. లోపల రక్తం కారుతోందని చెప్పే గుర్తు కూడా నలుపే. మందు వేశాక ఏ నలుపు దేనిదో ఎవరికీ తెలియదు. ఎక్స్‌రేలో కూడా బిస్మత్ తెల్లగా మెరిసి, కుక్క ఏదైనా లోహపు ముక్క మింగిందేమో అనిపిస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సాలిసిలేట్‌ను పిల్లి శరీరం చాలా మెల్లగా బయటికి పంపుతుంది కాబట్టి దానికి ఇది విషంతో సమానం.

కేయోలిన్ మట్టి, పెక్టిన్ కలిసిన సుద్ద మందులు వీటికంటే మెతకవి. పేగులో నీటిని, కొన్ని విషాలను పట్టుకుంటాయని వాడతారు. పెద్దగా హాని లేదు, పెద్దగా అద్భుతాలూ లేవు. వేరే మందులు వేసినప్పుడు వాటిని కూడా పట్టేసుకుంటాయి కాబట్టి రెండింటి మధ్య కొన్ని గంటలు ఎడం ఇవ్వాలి. సీసా మీద పేరును నమ్మకూడదనడానికి కూడా ఇవే ఉదాహరణ. కేయోపెక్టేట్ అని ఒకప్పుడు ఈ మట్టి మందునే అమ్మేవారు. తర్వాత అమెరికాలో అదే పేరుతో వచ్చే సీసాలోకి బిస్మత్ సబ్‌సాలిసిలేట్ వచ్చి చేరింది. పాత పుస్తకంలో చదివి ఆ పేరుతో కొన్నవాళ్ల చేతికి వచ్చింది వేరే మందు. చదవాల్సింది అట్ట మీద పెద్దక్షరాల పేరు కాదు, వెనక చిన్నక్షరాల్లో ఉండే పదార్థాల పట్టీ.

యాంటీబయాటిక్ మాత్రలు

మెట్రోనిడజోల్ చాలా ఇళ్లలో మిగిలిపోయి ఉండే మాత్ర. నిజానికి చీటీ లేకుండా కొనాల్సింది కాదు. చాలా ఏళ్ల పాటు పశువైద్యులు కూడా కుక్క విరేచనాలకు దీన్ని అలవాటుగా రాశారు. ఇప్పుడు ఆ అలవాటు మారుతోంది. 2024లో యూరప్ పశువైద్య నిపుణులు వెలువరించిన మార్గదర్శకాలు, తేలికపాటి, మధ్యస్థాయి విరేచనాలకు యాంటీబయాటిక్స్ వద్దనే చెబుతున్నాయి. పేగులో పిత్తరసాన్ని సరైన రూపంలోకి మార్చే మంచి బ్యాక్టీరియాను మెట్రోనిడజోల్ తుడిచిపెట్టేస్తుంది. అది కోలుకోవడానికి వారాలు పట్టొచ్చు. మోతాదు ఎక్కువైతే, లేదా ఎక్కువ రోజులు వాడితే నాడుల మీద దెబ్బ పడుతుంది. తల ఒక పక్కకు వాలిపోతుంది, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, నడక తూలుతుంది. నోట్లో పడగానే కుక్క నురగలు కక్కడం మాత్రం విషం వల్ల కాదు, ఆ మాత్ర భరించలేనంత చేదు.

నార్‌ఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి మందులు కలిసిన విరేచనాల మాత్రల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఈ కుటుంబం మందులు ఎదిగే వయసు కుక్కల కీళ్లలోని మృదులాస్థిని దెబ్బతీస్తాయి. నాలుగైదు నెలల పెద్దజాతి పిల్లకు వేస్తే విరేచనం తగ్గినా కుంటి మిగలొచ్చు. మిగిలిపోయిన రెండు మాత్రలు వేసి ఆపేయడం వల్ల ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా తయారయ్యే ముప్పు కూడా ఉంది. అదే ఇంట్లో పిల్లలు ఆ కుక్కతోనే ఆడుకుంటారు.

విరేచనాల మందు కాకపోయినా చంపేవి

కుక్క ఒళ్లు కాలుతున్నట్టు ఉందని, విరేచనాలతో పాటు జ్వరం కూడా ఉందని పారాసిటమాల్ వేసేవాళ్లున్నారు. కుక్కకు మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన చేతికి అది ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. చెవి పట్టుకుని జ్వరం అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. థర్మామీటర్‌ను మలద్వారంలో పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది. నిజంగా జ్వరమే అయినా పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క లివర్‌ను దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోతుంది. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను పాడుచేస్తుంది. విరేచనాలతో నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద దాని దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది.

జైలిటాల్ గురించి తెలియనివాళ్లు ఇప్పటికీ చాలామంది. చక్కెర బదులు వాడే తీపి ఇది. సిరప్పుల్లో, నమిలే మాత్రల్లో, నోట్లో కరిగే మాత్రల్లో, షుగర్ ఫ్రీ అని రాసి ఉండే పొడుల్లో ఉండొచ్చు. మనుషులకు ఏమీ చేయదు. కుక్క శరీరం మాత్రం దాన్ని చక్కెర అనుకుని ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదిలేస్తుంది. అరగంట నుంచి గంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి కుక్క తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు అలా జరగడానికి. మోతాదు పెరిగితే లివర్ కూడా పోతుంది. పట్టీలో ఇది ఈ967 అనే అంకెగానో, బర్చ్ షుగర్ అనే పేరుతోనో కూడా ఉండొచ్చు. విరేచనాల మందు సురక్షితమైనదే అయినా, దాన్ని తియ్యగా చేయడానికి కలిపింది విషం కావచ్చు.

డబ్బాలో నిజంగా పనికొచ్చేది

మాత్రల స్ట్రిప్పుల అడుగున పడి ఉండే ఓఆర్ఎస్ ప్యాకెట్‌కు ఎవరూ విలువ ఇవ్వరు. ఈ మొత్తం వ్యవహారంలో ముందు చేయి వెళ్లాల్సింది దానికే. విరేచనం వల్ల చనిపోయే ప్రాణుల్లో ఎక్కువ భాగం నీరు, లవణాలు పోయే చనిపోతాయి. పేగు లోపలి పొరలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటి ఉంటుంది. ఆ జంట వెంట నీరు కూడా లాక్కుపోతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఆ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. మనిషిలోనూ కుక్కలోనూ ఆ ఏర్పాటు ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. ఈ నిష్పత్తి చెడితే పని కూడా చెడుతుంది. చిక్కగా కలిపితే త్వరగా పనిచేస్తుందని సగం నీళ్లలో కలిపితే, ఆ చిక్కదనమే పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనం పెంచుతుంది.

ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. కృత్రిమ తీపి లేదని ముందే పట్టీలో చూసుకోవాలి. చిన్న కుక్కకు రెండు మూడు చెంచాలు, పెద్దదానికి పావు కప్పు చొప్పున అరగంటకోసారి గిన్నెలో పెట్టి తాగనివ్వాలి. పక్కనే మామూలు నీళ్ల గిన్నె కూడా ఉండాలి. కొన్ని కుక్కలకు ఆ ఉప్పుతీపి రుచి నచ్చదు, వాటిని బలవంతం చేయకూడదు. నోరు తెరిచి సిరంజితో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావొచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకే కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. విరేచనంలో పోయేది దానికి అదనం. తాగింది తాగినట్టు వాంతి అవుతుంటే నోటి ద్వారా ఇచ్చే పని ఇక అయిపోయినట్టే, సెలైన్ పెట్టించాలి. గుండె, కిడ్నీ జబ్బులున్న కుక్కకు ఉప్పు కలిసిన ఈ నీరు డాక్టరును అడిగే ఇవ్వాలి.

తిండి విషయంలో పాత సలహా ఒక రోజంతా పస్తు పెట్టమని. ఇప్పుడు అంత పట్టుదల లేదు. పేగు కణాలు తమకు కావాల్సిన పోషణలో ఎక్కువ భాగాన్ని పేగులోంచి వెళ్లే తిండి నుంచే తీసుకుంటాయి. ఎక్కువసేపు ఖాళీగా ఉంచితే అవే నీరసిస్తాయి. పెద్ద కుక్కకు ఒక పూట ఆపితే తప్పు లేదు. పిల్లలకు ఆ పూట కూడా ఆపకూడదు, వాటికి చక్కెర నిల్వలు తక్కువ. తోలు, కొవ్వు తీసేసి ఉడికించిన కోడిమాంసం, మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు కారం లేకుండా రోజుకు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెడితే చాలు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసు కలపకూడదు, అవి కుక్క రక్తకణాలను చిట్లగొడతాయి. పాలు వద్దు. మలం గట్టిపడ్డాక నాలుగైదు రోజుల్లో మెల్లగా మామూలు తిండిలోకి తేవాలి. పెద్దపేగు తరహా విరేచనానికి, జిగురుతో కొంచెం కొంచెం వచ్చేదానికి, ఇసబ్‌గోల్ లాంటి పీచు కొద్దిగా నీళ్లలో నానబెట్టి తిండిలో కలిపితే మేలు చేస్తుంది. ప్రొబయోటిక్ పొడులు కుక్కల కోసం తయారుచేసినవైతే విరేచనం ఒక రోజు ముందుగా తగ్గొచ్చు, మనుషులవి సాధారణంగా హాని చేయవు.

పిల్లల విషయం వేరు

టీకాలు పూర్తికాని కుక్కపిల్ల విరేచనాలతో ముడుచుకుని పడుకుంటే అది పార్వో అనే అనుకుని మొదలుపెట్టాలి. 1970ల చివర్లో ప్రపంచమంతా పాకిన ఈ వైరస్, పేగు లోపలి పొరను పుట్టించే కణాలనే చంపుతుంది. దాంతో పాటు ఎముక మజ్జను దెబ్బతీసి తెల్లకణాలను తగ్గించేస్తుంది. కొత్త పొర పుట్టదు, కాపలా ఉండదు, పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి దూరుతుంది. ఒకసారి ముక్కుకు తగిలితే మర్చిపోలేని కుళ్లు వాసన, రక్తం కలిసిన నీళ్ల విరేచనం, ఆగని వాంతులు ఉంటాయి. వైద్యం అందని పిల్లల్లో పదిలో తొమ్మిది దాకా చనిపోతాయి. సమయానికి సెలైన్‌తో గట్టి వైద్యం అందితే అన్నే దాదాపు బతుకుతాయి. తేడా అంతా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఉంది. లోపెరమైడ్ వేసి, రేపటికి తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చుంటే పోయేవి సరిగ్గా ఆ రోజులే. పైగా పార్వో పిల్లల్లో పేగులో పేగు దూరిపోవడం కూడా జరుగుతుంటుంది, కదలిక తారుమారైన పేగుకు ఆ ముప్పు ఉంది.

పిల్లల్లో ఇంకో మామూలు కారణం నట్టలు. ఏలిక పాములు కొన్నిసార్లు మలంలో సేమియాలా కనిపిస్తాయి. కొంకి పురుగులు కంటికి కనపడకుండా రక్తం పీల్చి చిగుళ్లను పాలిపోయేలా చేస్తాయి. జియార్డియా అనే సూక్ష్మజీవి అయితే సూక్ష్మదర్శినిలోనో, ప్రత్యేక పరీక్షతోనో తప్ప తెలియదు. వీటికి విరేచనాల మాత్రతో ఏ సంబంధమూ లేదు, మలపరీక్ష చేయించి సరైన నట్టల మందు వేయాలి.

పెద్ద కుక్కకు రెండు రోజుల్లో తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి నెలకోసారి మళ్లీ వస్తున్నా ఇంటి వైద్యం ఆపేయాలి. క్లోమం వాపు, అడ్రినల్ గ్రంథుల లోపం, తిండి పడకపోవడం, పేగు గోడల దీర్ఘకాలపు వాపు లాంటివి ఇలాగే మామూలు విరేచనాల్లా వచ్చిపోతుంటాయి. వీటిలో కొన్ని రక్తపరీక్షతోనే బయటపడతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మలాన్ని మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో తీసుకెళ్లాలి, లేదంటే ఫోన్‌లో ఫోటో అయినా ఉండాలి. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు, వాంతి అయిందా, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, కాగితం మీద రాసుకుంటే కంగారులో మరిచిపోరు. ఇంట్లో ఏదైనా మాత్ర వేసి ఉంటే ఆ స్ట్రిప్పు కూడా సంచిలో వేసుకోవాలి. తిడతారేమోనని చాలామంది ఆ సంగతి దాస్తారు. కుక్క మత్తుగా పడి ఉన్నప్పుడు అది జబ్బు వల్లా, లోపెరమైడ్ వల్లా అన్నది డాక్టరు కళ్లతో చూసి చెప్పలేరు. స్ట్రిప్పు చూస్తే రెండు నిమిషాల్లో నలోక్సోన్ సిరంజిలోకి ఎక్కుతుంది.